గొట్టంలో కనకాంబరాలు

పోయిన నెల మా కర్నూలు పాతబస్తీలో ఒక బడి ప్రహరీగోడ మీద పిల్లలు యుద్ధ ట్యాంకు బొమ్మ వేశారు. ముదురాకుపచ్చ ట్యాంకు, దాని ఫిరంగి గొట్టం లోపల్నుంచి కిందికి వేలాడుతూ ఒక కనకాంబరాల దండ. మూడు రోజులుంది. నాలుగో రోజు ఎవరో పెద్దాయన వచ్చి "సైనికుల్ని ఎగతాళి చేస్తారా" అని గట్టిగా అడిగాడట, సాయంత్రానికి సున్నం కొట్టేశారు. వేసిన పిల్లలకు మాటమాత్రం చెప్పలేదు. నాకు బాధ అక్కడే.

ఆ పెద్దాయన కోపం నాకు అర్థం కాకపోలేదు. మా చిన్నాయన కొడుకు మిలిటరీలో ఉన్నాడు, 2025 మేలో సరిహద్దులో కాల్పులు జరుగుతున్నన్ని రోజులూ టెన్షన్‌తో మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అందుకే ఈ బొమ్మ ఎక్కడ పుట్టింది, ఎవర్ని ప్రశ్నించడానికి పుట్టింది అన్నది తెలుసుకుని మాట్లాడుకుందామని రాస్తున్నాను.

తుపాకీ గొట్టంలో పువ్వు అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1967 అక్టోబర్ 21. వియత్నాం యుద్ధం ఆపమని జనం అమెరికా రక్షణశాఖ కార్యాలయం పెంటగాన్ ముందుకు వెళ్లారు, ఎదురుగా తుపాకులు చాపి నిలబడ్డ సైనికుల గొట్టాల్లో ఒక కుర్రాడు పూలు గుచ్చుతుంటే తీసిన ఫొటో లోకమంతా చూసింది. కానీ నేను చెప్పాలనుకున్నది దాని తర్వాతది, పోర్చుగల్‌ది. ఆఫ్రికాలోని అంగోలా, మొజాంబిక్, గినియా-బిస్సావుల్లో తన వలస పాలన నిలుపుకోవడానికి ఆ దేశం 1961 నుంచి పదమూడేళ్లు యుద్ధాలు చేసింది. ఆ యుద్ధాలతో విసిగిపోయి 1974 ఏప్రిల్ 25న ప్రభుత్వం మీద తిరగబడింది ఎవరో కాదు, సైన్యంలోని యువ అధికారులే. ఆ రోజు లిస్బన్‌లో సెలెస్టె కైరో అనే ఆమె పనిచేసే హోటల్‌కు మొదటి వార్షికోత్సవం, వచ్చినవాళ్లకు ఇద్దామని కార్నేషన్ పూలు తెప్పించి పెట్టుకున్నారు. ఊరంతా సైన్యం దిగడంతో హోటల్ తెరవలేదు, పూలు మీరే తీసుకుపొండి అన్నారు. ఆమె చేతినిండా పూలతో వస్తుంటే దారిలో ఒక సైనికుడు సిగరెట్ ఉందా అని అడిగాడు. ఆమె దగ్గర లేదు, ఒక పువ్వు ఇచ్చింది. అతను దాన్ని తన తుపాకీ గొట్టంలో పెట్టుకున్నాడు, మిగతావాళ్లూ అడిగి తీసుకుని పెట్టుకున్నారు. అంటే ఆ పువ్వు సైనికుడి మీద విసిరింది కాదు, సైనికుడు తన చేత్తో తాను పెట్టుకున్నది!

ఇక ట్యాంకు సంగతి. 1945లో నాజీల నుంచి విడిపించినందుకు గుర్తుగా చెకోస్లోవేకియా రాజధాని ప్రాగ్ నగరంలో ఒక సోవియట్ ట్యాంకును దిమ్మె మీద నిలబెట్టారు. 1968లో అవే సోవియట్ ట్యాంకులు మళ్లీ ఊళ్లోకొచ్చి జనాన్ని అణిచేశాయి, దాంతో ఆ దిమ్మె మీది ట్యాంకుకు అర్థమే మారిపోయింది. 1991 ఏప్రిల్‌లో డేవిడ్ చెర్నీ అనే కళాశాల విద్యార్థి, శిల్పకళ చదివేవాడు, రాత్రికి రాత్రి దానికి నిండా గులాబీ రంగు పూశాడు. అరెస్టు చేశారు, ట్యాంకుకు మళ్లీ ఆకుపచ్చ వేశారు. అప్పుడు కొందరు పార్లమెంటు సభ్యులు తమను అరెస్టు చేయలేరన్న ధైర్యంతో స్వయంగా బ్రష్షులు పట్టుకొచ్చి తిరిగి గులాబీ రంగు వేశారు. ఇప్పుడది మిలిటరీ మ్యూజియంలోనే ఉంది, గులాబీ రంగుతోనే.

గోడల మీద బొమ్మలు వేసే బ్రిటన్ కళాకారుడు బాంక్సీ పేరు మన పిల్లలు ఫోన్లలో చూసే ఉంటారు. 2007లో బెత్లెహేమ్‌లో ఆయన వేసిన బొమ్మలో గౌను వేసుకున్న చిన్నపిల్ల ఒక సైనికుణ్ణి గోడకు తిప్పి నిలబెట్టి సోదా చేస్తుంటుంది. 2022లో యుక్రెయిన్‌లో కూలిన ఒక ఇంటి గోడ మీద జూడో దుస్తుల్లో ఉన్న పెద్దమనిషిని పిల్లోడు ఎత్తి కుదేస్తున్న బొమ్మ వేస్తే, మరుసటి ఏడాది ఆ దేశం దాన్ని తపాలా బిళ్ల చేసింది. ఈయనది స్టెన్సిల్ పని, అట్టముక్కకు కంతలు కోసి రంగు కొట్టడం. ఆయుధాల పెట్టెల మీద, మిలిటరీ లారీల మీద నంబర్లు వేసేదీ ఆ పద్ధతిలోనే.

కంతలు కోసి బొమ్మ చేయడం మనకేమన్నా కొత్తా? ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో, అదే 2020 పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊళ్లో, తోలుబొమ్మలాట కోసం ఇవాళ్టికీ మేకతోలును పల్చగా గీకి ఉలితో చుక్కచుక్కగా పొడుస్తారు. వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వెలుతురొచ్చి రావణుడి నగలు మెరుస్తాయి. అటు రామరావణ యుద్ధం కథ నడుస్తుంటుంది, మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా దూరి తిట్టుకుంటూ జనాన్ని నవ్విస్తారు. దాన్ని చూసి రాముణ్ణి అవమానించారని ఏ ఊళ్లోనూ ఎవరూ తెరకు సున్నం కొట్టలేదు.

ఒక్క విషయంలో మాత్రం పెద్దాయన చూపు తప్పు కాదు, ఆ బొమ్మలో ప్రశ్న ఉంది. దసరాకు ఆయుధపూజ చేసి తుపాకులకు పూలు పెడతాం, కానీ ఆ పూలు తుపాకీ పైన ఉంటాయి. పిల్లలు గొట్టం లోపల పెట్టారు. పేలకూడదని పెట్టారు. ఆ రెంటికీ తేడా పెద్దవాళ్లం గమనించాలి. మన ఓర్వకల్లు దగ్గరే దేశ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పరీక్షా కేంద్రం ఉంది, 2025 ఏప్రిల్ 13న అక్కడ లేజర్ ఆయుధంతో డ్రోన్‌ను కూల్చి చూపించారు, ఆ వార్త పిల్లలు బడిలో చదివారు. ఆయుధాల గురించి అంత చదివే పిల్లలు అవి పేలకుండా ఉంటే బాగుండని అనుకోవడంలో తప్పేముంది?

ఆ గోడబొమ్మ ఫొటో మిలిటరీలో ఉన్న మా తమ్ముడికి పంపాను. "చక్రాలు తక్కువేసినారు అన్నా, అయినా బాగుంది, ఎందుకు తుడిపేసినారు?" అని అడిగాడు. వచ్చే శనివారం బడిలో తల్లిదండ్రుల మీటింగ్ ఉంది. లిస్బన్ సైనికుల ఫొటో ఒకటి పెద్దది ప్రింట్ తీయించాను, పెద్దాయన్ని కూడా రమ్మని కబురు పెట్టాను, ట్యాంకు వేసిన పిల్లల్ని ఆయన పక్కనే కూర్చోబెట్టమని హెడ్‌మాస్టర్ గారిని అడిగాను.