టైర్లు రబ్బరువే, అయినా షాక్ కొడుతుంది: క్యారవాన్ కరెంటు మీద అపోహలు – వాస్తవాలు

చలికాలం వచ్చిందంటే రాయగడ మీదుగా కొరాపుట్ వైపు వెళ్లే క్యారవాన్లు ఈమధ్య బాగా కనిపిస్తున్నాయి. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు టెంపో ట్రావెలర్‌ని మార్పించుకుని, లోపల మంచం, ఇండక్షన్ స్టవ్వు, ఫ్రిజ్, గీజరు, ఏసీ అన్నీ బిగించుకుని దేవమాలి కొండ చూడ్డానికి బయల్దేరతారు, ఆగిన చోట గోడ సాకెట్టు నుంచి కేబుల్ వేసి బండికి కరెంటు తీసుకుంటారు. మా షెడ్డు ఆ దారిలోనే ఉంది. బండ్ల వైరింగే నా పని కాబట్టి క్యారవాన్లతో పాటు ఫుడ్ వ్యాన్లు, మెడికల్ క్యాంపు వ్యాన్లు కూడా నా దగ్గరికే వస్తాయి. వచ్చినవాళ్లలో సగం మంది ఫిర్యాదు ఒకటే, డోరు పట్టుకుంటే జివ్వుమంటోందని. ఒడియా డ్రైవర్లయితే "కరెంట్ మారుఛి" అంటారు. ఆ వెంటనే అదే నోటితో, "అయినా ఏం కాదటండీ, టైర్లు రబ్బరువి కదా" అంటారు. ఎవరు చెప్పారయ్యా అంటే ఎవరో చెప్పారు, వీడియోలో చూశాం.

ఈ పోస్టులో ఎక్కువ భాగం ఆ ఒక్క మాట మీదే రాస్తున్నాను, మిగతా అపోహల్ని దాటేస్తే తిట్టుకోకండి.

టైర్లు రబ్బరువి కాబట్టి షాక్ కొట్టదు అనడం తిరగేసి చెప్పిన మాట. బండి నేలకి తగలకుండా రబ్బరు మీద నిలబడి ఉంది కాబట్టే కొడుతుంది. లోపల ఎక్కడో ఫేజు వైరు (కరెంటు తెచ్చే వైరు) రాసుకుపోయి ఛాసిస్‌కి (బండి ఇనుప చట్రానికి) తగిలిందనుకోండి, ఎర్త్ (లీకైన కరెంటుని నేలలోకి పంపే వైరు) లేకపోతే ఆ కరెంటుకి నేలలోకి పోయే దారి లేదు. అప్పుడు డోరు హ్యాండిలు, మెట్టు, నిచ్చెన, వెనక బంపరు, మొత్తం బాడీ అంతా 230 వోల్టుల మీద ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్లకి ఏమీ తెలియదు, ఎందుకంటే వాళ్లు నిలబడిందీ పట్టుకుందీ రెండూ ఒకే వోల్టేజీ మీద ఉన్నాయి. కిందికి దిగేటప్పుడు ఒక కాలు తడి నేల మీద, ఒక చెయ్యి హ్యాండిలు మీద ఉన్న ఆ క్షణంలో మనిషే దారి అవుతాడు. చాలాసార్లు ఆ మనిషి చెప్పుల్లేకుండా తిరిగే పిల్లాడో, తెల్లారగట్ల నీళ్లబిందెతో వచ్చే పెద్దావిడో.

దేవమాలి కింద ఒక హోమ్‌స్టేలో సరిగ్గా ఇదే. కుటుంబం విజయనగరం వైపు వాళ్లు. రాత్రంతా మంచు కురిసి గడ్డి తడిసి ఉంది. పొద్దున్నే పాప బండి దిగుతూ హ్యాండిలు పట్టుకుని కెవ్వుమంది, తండ్రి వెళ్లి పట్టుకుంటే ఆయన చెప్పులేసుకున్నాడు కాబట్టి ఆయనకి ఏమీ లేదు. పాప నాటకాలాడుతోందని అనుకున్నారు. వాళ్ల నానమ్మ మాత్రం "నాయనా, పిల్ల అబద్ధమాడదు, ఎవరినైనా పిలవండి" అని పట్టుబట్టిందట, అలా నాకు ఫోనొచ్చింది. ముందు గోడ దగ్గర ప్లగ్గు పీకించి, ఎవరూ బండిని ముట్టుకోవద్దని చెప్పి బయల్దేరాను. వెళ్లి గోడ సాకెట్టు విప్పితే ఎర్త్ పిన్ను వెనక స్క్రూ కొత్తగా మెరుస్తోంది, దాని కింద వైరే లేదు. పైన చూస్తే మూడు కన్నాలూ ఉన్నాయి, త్రీపిన్ ప్లగ్గు చక్కగా దిగుతుంది, ఎవరికి అనుమానం వస్తుంది? బండిలో గీజరు ఎలిమెంటు చిట్లి నీళ్లలోకి కరెంటు లీకవుతోంది. రెండు తప్పులు కలిశాయి, ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా పాప అరవాల్సిన అవసరం ఉండేది కాదు. ఆ నానమ్మకి నేనిప్పటికీ దండం పెడతాను.

జివ్వుమన్న ప్రతిసారీ ప్రాణం మీదకి రాదు, ఇది కూడా నిజమే. ఛార్జర్లు, ఇన్వర్టర్ ఏసీ, ఇండక్షన్ స్టవ్వు లాంటివాటి లోపల ఫిల్టర్ కెపాసిటర్లు (కరెంటులోని అలజడిని వడగట్టే భాగాలు) ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు వాటి వల్ల బాడీ మీద మల్టీమీటర్లో నూరు వోల్టుల దాకా కనిపిస్తుంది, వేలికి చురుక్కుమంటుంది, కరెంటు మాత్రం మిల్లీ ఆంపియర్ కూడా ఉండకపోవచ్చు. కానీ ఆ చురుక్కు ఫిల్టరుదా, చిట్లిన ఎలిమెంటుదా అని వేలితో ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. రెండిట్లోనూ ఒకటి మాత్రం ఖాయం: మీ ఎర్త్ పోయింది. చెయ్యి వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ ముట్టుకుని చూడడం ఆపండి బాబూ.

ఇక్కడే అసలు ప్రమాదకరమైన వైద్యం మొదలవుతుంది. ఎర్త్ లేదని తెలిశాక కొందరు మిస్త్రీలు సాకెట్లో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న ముక్క వైరు లూప్ చేసేస్తారు. జివ్వుమనడం ఆ క్షణమే ఆగిపోతుంది, ఓనరు సంతోషంగా డబ్బులిస్తాడు. ఆ తర్వాత ఎప్పుడో గాలివానకి స్తంభం మీద న్యూట్రల్ తెగుతుంది. అప్పుడు లోపల వెలుగుతున్న ఒక్క బల్బు గుండా ఫేజు తిరిగొచ్చి, ఆ ముక్క వైరు మీదుగా బండి బాడీలోకి దిగుతుంది. లేదా ఎవరో ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఫేజు, న్యూట్రల్ తారుమారు చేస్తారు, ఇంకేం, ఎర్త్ వైరే ఫేజు వైరు. ఏ లీకూ లేని మంచి బండి కూడా షాక్ కొడుతుంది. ఎర్త్ లేని సాకెట్టు కంటే ఇది పది రెట్లు ఘోరం. హోమ్‌స్టే అయినా, ఢాబా అయినా, సొంత తమ్ముడి ఇల్లయినా లూప్ కనిపిస్తే అక్కడ కరెంటు తీసుకోకండి.

మరికొందరు రాడ్డు కొట్టేస్తారు. బండి పక్కన ఒక ఇనుప రాడ్డు దిగ్గొట్టి, ఛాసిస్‌కి వైరు కట్టి, "ఎర్త్ ఇచ్చేశాం, ఎంసీబీ ఉంది, ఇక నిశ్చింత" అంటారు. లెక్క వేసి చూడండి. మన కొరాపుట్ వైపు ఎర్రమట్టి, రాళ్ల నేల, ఎండాకాలంలో రాడ్డు రెసిస్టెన్స్ (కరెంటుకి నేల ఇచ్చే అడ్డు) 50 ఓమ్‌లకి దిగినా గొప్పే. 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. మీ ఎంసీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి, 16 ఆంపియర్లది. అది కదలదు, రాత్రంతా అలాగే ఉంటుంది, బాడీ మీద వోల్టేజీ కూడా అలాగే ఉంటుంది. ఎంసీబీ వైరుని కాపాడడానికి పెట్టింది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా వస్తే సరఫరా ఆపేసే స్విచ్చి. అదే రాడ్డు 500 ఓమ్‌లున్నా దాదాపు అర ఆంపియర్ లీకవుతుంది, ఆర్‌సీసీబీకి కావలసినదానికి పదిహేను రెట్లు. ఎవరూ ముట్టుకోకముందే పడిపోతుంది. కాబట్టి రాడ్డూ ఉండాలి, ఆర్‌సీసీబీ కూడా ఉండాలి. "ఎర్త్ లేకపోతే ఆర్‌సీసీబీ పనిచేయదు" అనేది ఇంకో పుకారు. పనిచేస్తుంది, కాకపోతే మీరు ముట్టుకుని ఒక దెబ్బ తిన్నాక పనిచేస్తుంది.

ఆర్‌సీసీబీ మాటికీ పడిపోతోందని దాన్ని తీసి డైరెక్ట్ కలిపేసిన బండ్లు వస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అది పడిపోతోందంటే మీకేదో చెబుతోంది. ఈ అపోహ ఎందుకు పుడుతుందో కూడా నాకు తెలుసు. అన్ని ఎంసీబీలూ కిందికి దించేసి ఆర్‌సీసీబీ ఒక్కటే ఎక్కించి చూస్తారు, అయినా పడిపోతుంది, "చూశారా, లోడే లేదు, ఆర్‌సీసీబీయే పాడైంది" అంటారు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజుని మాత్రమే ఆపుతుంది. న్యూట్రల్ వైరు ఎక్కడో బాడీకి తగిలి ఉంటే ఎంసీబీలు దించినా ఆర్‌సీసీబీ పడొచ్చు. జయపురం నుంచి వచ్చిన ఒక ఫుడ్ వ్యానుకి అప్పటికే ఆర్‌సీసీబీ మార్చి మార్చి విసిగిపోయారు. సైడు ప్లైవుడ్డు ఊడదీస్తే మసాలా డబ్బాల అరకి కొట్టిన స్క్రూ ఒకటి లోపలి నల్ల వైరుని (న్యూట్రల్) మధ్యలో పొడుచుకుని వెనక రేకులోకి దిగి ఉంది, స్క్రూ మర చుట్టూ రాగి పోగులు జుట్టులా చుట్టుకుని ఉన్నాయి. నాలుగు అంగుళాల వైరు ముక్క మార్చాను, అంతే.

కాబట్టి వెతకాలంటే ముందు అన్ని ప్లగ్గులూ పీకండి, స్విచ్చి ఆపితే సరిపోదు. తర్వాత ఆర్‌సీసీబీ ఎక్కించి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి. ఏది పెడితే పడిందో దొంగ అదే, ఎక్కువగా గీజరో, కెటిలో. ఏదీ పెట్టకుండానే పడుతుంటే తప్పు వైరింగులో ఉంది, బయటి ప్లగ్గు తీసేసి మిస్త్రీని పిలవండి. నెలకోసారి ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కండి, పడకపోతే మార్చేయండి.

కరెంటే రావడం లేదంటే టెన్షన్ పడి బోర్డు విప్పకండి. ముందు ఆ ఊళ్లో లైట్లున్నాయో లేదో చూడండి, నవ్వకండి, దీనికే నన్ను చాలామంది పిలిచారు. కేబుల్ తీసేటప్పుడు గోడ వైపు ముందు తీయాలి, పెట్టేటప్పుడు బండి వైపు ముందు పెట్టాలి, అప్పుడు కరెంటున్న కొస చేతిలో ఉండదు. ప్లగ్గు పిన్నులు నల్లబడ్డాయా, ప్లాస్టిక్ కరిగిందా చూడండి. మీటరు వాడడం వస్తే సాకెట్టు దగ్గర మూడు కొలతలు: ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్ రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి, న్యూట్రల్–ఎర్త్ మధ్య ఒకటి రెండు వోల్టులు. ఫేజు–ఎర్త్ బాగా తక్కువొస్తే ఎర్త్ లేనట్టే. బాగానే వచ్చినా ఎర్త్ గట్టిదని కాదు, పోగు వైరు తగిలి ఉన్నా మీటరు 230 చూపిస్తుంది. ఎర్త్ బలం కొలవడం మిస్త్రీ పని, బల్బు పెట్టి మీరు ప్రయోగాలు చేయకండి.

మిగతావి గబగబా. టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని కాదు, ప్లైవుడ్డు మీద రబ్బరు చెప్పులతో నిలబడితే సరిగ్గా వెలగకపోవచ్చు. న్యూట్రల్ తెగితే రెండు కన్నాల్లోనూ వెలుగుతుంది, దాన్ని డబుల్ ఫేజ్ అని పేరుపెట్టి భయపడతారు. కేబుల్ పీకేశాం కాబట్టి బోర్డులో కరెంటు లేదు అనుకోవద్దు, ఇన్వర్టర్ ఉంటే సాకెట్లలో 230 అలాగే ఉంటుంది, దాన్నీ ఆపాలి. కేబుల్ డ్రమ్ముకి చుట్టి ఉంచి గీజరు వేస్తే చుట్టల మధ్య వేడి పోక ఇన్సులేషన్ కరుగుతుంది, మొత్తం విప్పి పరవండి. ఎంసీబీ పడుతోందని 16 తీసి 32 పెట్టడం వైరు తగలబెట్టుకోవడమే. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు, ఇండక్షన్ కూడా అంతే, రెండూ ఒకేసారి వేస్తే 16 దాటుతుంది, ఒకదాని తర్వాత ఒకటి వేసుకోండి. త్రీపిన్ ప్లగ్గుకి పెద్ద పిన్ను కోసి టూపిన్‌లో దూర్చేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు.

జనరేటర్ సంగతి ఒకటి. చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ దేనికీ కలిపి ఉండదు, అలాంటప్పుడు బాడీకి ఫేజు తగిలినా ఆర్‌సీసీబీ పడదు, తెలిసిన మిస్త్రీ చూడాలి. దానికంటే పొగ ముఖ్యం. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర ఆగి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయారు, జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. ఏసీ కోసం జనరేటర్ వేసుకుని, అద్దాలు మూసుకుని పడుకోకండి.

షాక్ కొట్టిన మనిషిని మట్టిలోనో పేడలోనో పూడ్చితే కరెంటు లాగేస్తుందని మన ఊళ్లలో ఇంకా నమ్ముతారు. ఒంట్లో కరెంటు నిలవ ఉండదు, లాగడానికి ఏమీ లేదు, పూడ్చే లోపు పోయేది సమయమే. ముందు గోడ దగ్గర సరఫరా ఆపండి, ఆపేదాకా మనిషినీ బండినీ ముట్టుకోకండి. ఆపే వీలు లేకపోతే పొడి కర్రతో విడదీయండి. 108కి ఫోన్ చేయండి, ఒడిశాలోనూ ఆంధ్రలోనూ అదే నంబరు. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.