పొద్దుగూకితే కళ్ళు కనబడవంటే

నాలుగేళ్ళ పిల్లాడు పగలంతా వీధిలో హాయిగా ఆడుకుంటాడు. పొద్దు వాలి ఇంట్లో ఇంకా లైటు వేయని వేళకి మాత్రం ఒకచోట కదలకుండా కూర్చుండిపోతాడు. పిలిస్తే గోడ పట్టుకుని వస్తాడు. ఎదురుగా పెట్టిన కంచం కోసం చేతులతో తడుముకుంటాడు. పగటిపూట చూస్తే అతని కళ్ళలో ఏ తేడా కనిపించకపోవచ్చు. 'పొద్దుగూకితే వీడికి కళ్ళు కనబడవండీ' అని తల్లి చెప్పే మాటే వైద్యుడికి మొదటి ఆధారం. రేచీకటి మీద సర్వే చేసేవాళ్ళు కూడా ఈ ప్రశ్నని ఆ ఊళ్ళో వాడే మాటల్లోనే అడుగుతారు.

చీకటి పడగానే చూపు ఎందుకు పోతుంది? కంటి లోపల వెనకభాగంలో ఉండే పొర రెటీనా. అందులో వెలుగును పట్టే కణాలు ముఖ్యంగా రెండు రకాలు. రంగులనీ పట్టపగటి చూపునీ చూసుకునే శంకు కణాలు సుమారు 60 లక్షలు. మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు దాదాపు 12 కోట్లు. ఈ దండ కణాల నిండా రోడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. ఇది ఆప్సిన్ అనే ప్రోటీన్, దాని మధ్యలో ఇమిడి ఉన్న రెటినాల్ అనే చిన్న అణువు కలిసి తయారైనది. ఆ రెటినాల్ వచ్చేది విటమిన్-ఎ నుంచే. వెలుగు తగలగానే, వంగి ఉన్న రెటినాల్ తిన్నగా సాగుతుంది. దానికి పట్టే సమయం సెకనులో లక్ష కోట్లవ వంతు కంటే తక్కువ. చూపు మొదలయ్యేది ఆ కదలికతోనే.

సాగిన రెటినాల్ ప్రోటీన్‌ని వదిలి వెనకాల ఉన్న నల్లటి కణాల పొరలోకి వెళ్ళి, అక్కడ మళ్ళీ వంగి తిరిగి రావాలి. ఎండలోంచి సినిమా హాల్లోకి వెళ్ళాక చూపు పూర్తిగా సర్దుకోవడానికి అరగంట దాకా పట్టేది ఇందుకే. ఒంట్లో విటమిన్-ఎ నిల్వలు అడుగంటితే ఆప్సిన్ ఉన్నా అందులో ఇమడడానికి రెటినాల్ ఉండదు. శంకు కణాలకీ రెటినాలే కావాలి గానీ, పగలు వెలుగు ధారాళంగా ఉంటుంది కనక కొరత బయటపడదు. రెటీనాలో విటమిన్-ఎ ఉందని 1933లో కనిపెట్టిన జార్జ్ వాల్డ్, ఈ చక్రాన్ని విప్పి చెప్పినందుకు 1967లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఇంకొక సంగతి నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది. దండ కణం చివర వెలుగును పట్టే పలుచని బిళ్ళలు వందల సంఖ్యలో దొంతరగా ఉంటాయి. రోజూ ఆ దొంతరలో పదో వంతు కొత్తగా పుడుతుంది. పాతబడ్డ కొసని వెనకున్న నల్లటి పొర మింగేస్తుంది. పది రోజులు తిరిగేసరికి దొంతర మొత్తం కొత్తదే. దానికి కావలసిన ప్రోటీన్, కొవ్వు, విటమిన్ అన్నీ మనం తిన్న తిండిలోంచి రావలసిందే.

రేచీకటి దగ్గర ఆగితే అదృష్టమే. కొరత ముదిరితే తెల్లగుడ్డు తడి ఆరి, దాని మీద నురగలాంటి మచ్చలు వస్తాయి. 1863లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడి పేరు మీద వాటిని బిటాట్ మచ్చలంటారు. ఆ తర్వాత నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, కార్నియా, మెత్తబడుతుంది. తిండి సరిగా లేని పిల్లకి తట్టు సోకితే ఉన్న కాస్త విటమిన్ కూడా ఖర్చయిపోతుంది, కార్నియా రోజుల వ్యవధిలో కరిగిపోవచ్చు. రేచీకటి అయితే విటమిన్-ఎ పడ్డాక రెండు రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది. కరిగిన కార్నియా మాత్రం తిరిగి రాదు.

దీనికి దేశం వెతుక్కున్న విరుగుడులో హైదరాబాద్ పాత్ర పెద్దది. విటమిన్-ఎ కాలేయంలో నెలల తరబడి నిల్వ ఉంటుంది కనక ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు ఇస్తే చాలన్న పద్ధతికి అక్కడి జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలే ఆధారం. 1970లో అది జాతీయ కార్యక్రమమైంది. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు లక్ష యూనిట్లు, ఆపైన ఐదేళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకోసారి రెండు లక్షలు, చెంచాతో నోట్లో పోస్తారు.

సంగతి చూపుతోనే ఆగదు. ఇండొనేషియాలోని అచే ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ సామర్ బృందం చేసి 1986లో ప్రచురించిన అధ్యయనంలో, విటమిన్ అందిన పిల్లల్లో మరణాలు మూడో వంతు తగ్గాయి. 1990లో మన దేశం నుంచి రెండు ఫలితాలు వచ్చాయి. తమిళనాడులో వారం వారం చిన్న మోతాదు ఇస్తే మరణాలు సగానికి పైగా తగ్గాయి. హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండు అధ్యయనాల పరిస్థితులు వేరు, వాటిని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం సరికాదు. అయినా వారం వారం కొంచెం కొంచెంగా అందడమన్నది తిండి అందే తీరుకి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది. తట్టూ ఆకలీ ఉన్న చోట ఆ చెంచా మందు ఆపకూడదు. అది వేశాం కదా అని పిల్లల కంచంలో ఏముందో చూడకుండా వదిలేయడమూ తగదు.

బియ్యంలో విటమిన్-ఎ లేదు. గుడ్డు, పాలు, వెన్న, కాలేయం వీటిలో అది తయారుగా దొరుకుతుంది. మునగాకు, తోటకూర, పాలకూర, కరివేపాకులో దాని ముడిసరుకు బీటా కెరోటిన్ రూపంలో ఉంటుంది. లెక్క ప్రకారం తిండిలోని 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ ఒక మైక్రోగ్రాము విటమిన్‌తో సమానం. ఆకు కణాల్లో చిక్కుకున్న కెరోటిన్ బయటికి రావాలంటే సన్నగా తరిగి ఉడికించాలి. ఒంటికి పట్టాలంటే నూనె కావాలి. మునగాకు పప్పుకి పెట్టే తాలింపు రుచి కోసమే కాదన్నమాట. పిల్లలకి అరగదేమోనని తాలింపు లేని చప్పటి పప్పు పెట్టే తల్లులకి ఈ మాట తప్పక చెప్పాలి. ఆకుకూర మొహం చూడని పిల్లలకి బొప్పాయి, పండిన మామిడి ఉన్నాయి. వాటిలోని కెరోటిన్ క్యారెట్‌లో కంటే తేలిగ్గా ఒంటబడుతుంది.

క్యారెట్ తింటే కళ్ళద్దాలు పోతాయన్నది మాత్రం నిజం కాదు. దూరపు చూపు మసకబారేది చాలామందిలో కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల. దాన్ని ఏ కూరా కుదించలేదు. పిల్లలు రోజూ ఆరుబయట వెలుతురులో ఎక్కువసేపు గడిపితే ఆ సమస్య మొదలవకుండా కొంత అడ్డుకోవచ్చు.

పెద్దవాళ్ళ సంగతి వేరు. రెటీనా మధ్యలోని పసుపుపచ్చటి మచ్చకి ఆ రంగునిచ్చేవి ల్యూటిన్, జియాజాంథిన్ అనే పదార్థాలు. ఇవీ ఆకుకూరల్లోంచే వస్తాయి. వయసుతో ఆ భాగం ఓ మోస్తరుగా దెబ్బతిన్నవాళ్ళకి అమెరికాలో పరీక్షించిన ఒక విటమిన్ల మిశ్రమం జబ్బు ముదరకుండా కొంత కాపాడుతుంది. 2013 ఫలితాల తర్వాత అందులోంచి బీటా కెరోటిన్ తీసేసి ఈ రెండింటినీ చేర్చారు. పొగతాగేవాళ్ళలో బీటా కెరోటిన్ మాత్రలు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతాయని తేలింది మరి. కన్ను బాగున్నవాళ్ళకి ఆ మిశ్రమం మేలు చేస్తుందన్న రుజువు లేదు. మన ఇళ్ళలో నడివయసు చూపుకి అంతకంటే పెద్ద ముప్పు షుగరు. రెటీనా రక్తనాళాలు దెబ్బతింటున్నా చాలాకాలం ఏమీ తెలియదు. అందుకే షుగరు ఉన్నవాళ్ళు చూపు బాగానే ఉన్నా సరే, ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని పరీక్ష చేయించుకోవాలి.

కంటికి మంచిదని విటమిన్-ఎ మాత్రలు సొంతంగా కొనుక్కుని వేసుకోవడం ప్రమాదం. ఎక్కువైనది కాలేయంలో పేరుకుంటుంది. గర్భం తొలి నెలల్లో మోతాదు మించితే బిడ్డ అవయవాలు సరిగా ఏర్పడకపోవచ్చు. ఆకుకూరలతో ఆ భయం లేదు. ఒంట్లో విటమిన్ సరిపడా ఉంటే పేగు కెరోటిన్‌ని మార్చడం తగ్గించేస్తుంది.