టాల్ ఫార్లో న్యూయార్క్ ఎందుకు వదిలాడు?

1956లో ‘డౌన్ బీట్’ పత్రిక విమర్శకులు ఉత్తమ జాజ్ గిటారిస్టుగా టాల్ ఫార్లోను ఎన్నుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి అతను పెళ్లి చేసుకుని, న్యూయార్క్ వదిలి, న్యూజెర్సీ తీరంలోని సీ బ్రైట్ అనే చిన్న ఊళ్లో స్థిరపడి, మళ్లీ సైన్‌బోర్డులు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇంత పేరు వదులుకుని ఎలా వెళ్లాడని జాజ్ అభిమానులు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు. ‘మళ్లీ’ అన్న మాటను మాత్రం పెద్దగా పట్టించుకోరు.

ఫార్లో 1921లో నార్త్ కరొలైనా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో పుట్టాడు. ఒకరి దగ్గర పద్ధతిగా నేర్చుకున్న పని బోర్డులు రాయడం ఒక్కటే. సంగీతంలో గురువు లేడు, స్వరలిపి చదవడం రాదు. మొదట చేతికందింది ఉకులేలే (నాలుగు తీగల చిన్న గిటారు) శ్రుతిలో పెట్టిన మాండొలిన్. తర్వాత గిటారు పట్టినా వేళ్లు ఆ అలవాటునే పోయాయి. పాటా, కార్డ్స్ (ఒకేసారి కలిపి పలికించే స్వరాలు) రెండూ సన్నని నాలుగు తీగల మీదే. లావుపాటి రెండు తీగలను గిటారు మెడ మీదుగా వచ్చిన బొటనవేలు చూసుకునేది. పద్ధతి తెలిసిన మాస్టారు చూస్తే చెయ్యి దించమనేవాడే! అంత పొడవాటి వేళ్లున్నవాడికి చెల్లింది. ‘ఆక్టోపస్’ అన్న ముద్దుపేరు అందుకే వచ్చింది.

బోర్డుల దుకాణంలో అతను కోరి మరీ రాత్రి షిఫ్టు వేయించుకునేవాడు. రేడియోలో బిగ్ బ్యాండ్లు, అంటే పెద్ద జాజ్ బృందాలు, వినవచ్చని. క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందంలో చార్లీ క్రిస్టియన్ వాయించే ఎలక్ట్రిక్ గిటారు విన్నాక దారి ఖాయమైంది. అంతవరకూ బ్యాండులో ఎక్కువగా లయకే పరిమితమైన గిటారును క్రిస్టియన్ సాక్సొఫోన్‌లా పాడించాడు. 1942లో, పాతికేళ్లకే క్షయతో పోయాడు. ఫార్లో అతని సోలోలను రికార్డులు విని నేర్చుకున్నాడు. కొనే స్తోమత లేక తన ఎలక్ట్రిక్ గిటారును తనే తయారుచేసుకున్నాడు. ఆర్ట్ టేటమ్ పియానో, చార్లీ పార్కర్ సాక్సొఫోన్ ఆ తర్వాతి పాఠాలు.

వేగం నేర్పింది మాత్రం అవసరమే. 1949లో వైబ్రఫోన్ (లోహపు పలకలను కర్రలతో మోగించే వాద్యం) వాద్యకారుడు రెడ్ నార్వో బృందంలో చేరాడు. బేస్ (మంద్రస్వరాల పెద్ద తీగవాద్యం) మీద చార్లెస్ మింగస్. ఉన్నది ముగ్గురే, డ్రమ్స్ లేవు. నార్వో ఎత్తుకునే వేగాన్ని అందుకోవడానికి ఫార్లో చెమటోడ్చాడు. డ్రమ్స్ లేని లోటు తీర్చడానికి గిటారునే తట్టి లయ పుట్టించేవాడు. ఇక హార్మోనిక్స్: ఎడమచేతితో నొక్కిన చోటికి సరిగ్గా పన్నెండు మెట్ల అవతల కుడి చూపుడువేలిని తీగకు ఆనీ ఆననట్టు పెట్టి, బొటనవేలితో మీటాలి. ఒక స్థాయి పైన చిరుగంట మోగినట్టు ఉంటుంది. ఒక్క స్వరానికే ఇంత తతంగం. ఫార్లో వరసగా పాటంతా అలా పలికించేవాడు.

నా మట్టుకు అతని ఉత్తమ సంగీతం 1956లో ఎడ్డీ కోస్టా పియానో, విన్నీ బర్క్ బేస్‌తో వెర్వ్ కంపెనీకి చేసిన రికార్డుల్లో ఉంది. వాటిలోనూ డ్రమ్స్ లేవు.

సీ బ్రైట్ వెళ్లాక గిటారును అటకెక్కించలేదు. దగ్గరి క్లబ్బుల్లో అప్పుడప్పుడూ వాయించాడు. 1962లో గిబ్సన్ కంపెనీ అతని పేరిట ఒక గిటారు తెచ్చింది. 1970ల్లో మళ్లీ వరసగా రికార్డులు చేశాడు. 1998లో కన్నుమూశాడు. స్వతహాగా మొహమాటస్తుడు, నలుగురి కంట పడాలన్న యావ లేనివాడు. అలాంటివాడికి కుంచె పట్టడం ఓటమి ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. రెండో విడత రికార్డుల్లో ఒకదాని పేరు ‘ఎ సైన్ ఆఫ్ ద టైమ్స్’. బోర్డులు రాసేవాడి రికార్డుకు అంతకన్నా తగిన పేరు దొరకదు.