చెనక్కాయలు దాచుకుంటాం, పత్తి గింజలు ఎందుకు దాచుకోలేం?

కదిరి, అనంతపురం వైపు మెట్ట రైతుల ఇళ్ళలో వచ్చే ఏటి విత్తనానికని చెనక్కాయల మూటలు ఓ మూలన పేర్చి ఉంటాయి. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పత్తి రైతు మాత్రం ఏటా ముంగారు వానలకు ముందు విత్తనాల అంగడి మెట్లెక్కాల్సిందే. పోయినేడు విరగగాసిన చెట్టు గింజే కదా, మళ్ళీ వేస్తే ఎందుకు పనికిరాదు? గింజ మొలవకుండా కంపెనీలోళ్ళు అందులో ఏదో పెట్టారనే మాట ఊళ్ళలో ఇప్పటికీ వినబడుతుంది. అది నిజం కాదు. దాచిన పత్తి గింజ శుభ్రంగా మొలుస్తుంది, పూస్తుంది, కాస్తుంది. కాకపోతే చేలో ఒక చెట్టు నడుము దాకా, పక్క చెట్టు మోకాలి దాకా ఉంటుంది. ఒకటి ముందే పగిలితే ఇంకొకటి సంక్రాంతికి కూడా పచ్చిగానే ఉంటుంది. దూది పోగు ఒక్కో చెట్టుకు ఒక్కో పొడవు. అన్నీ కలిపి ఏరితే మార్కెట్లో ధర పలకదు.

ఎందుకిలా అవుతుందో తెలియాలంటే ముందు ఒక పాత నమ్మకాన్ని వదులుకోవాలి. తల్లి గుణం, తండ్రి గుణం పాలూ నీళ్ళలా కలిసిపోతాయని చాలాకాలం అనుకునేవారు. అవి కలిసేది బియ్యంలో కొర్రలు కలిసినట్టు. చూడ్డానికి కలగాపులగంగా ఉన్నా ఏ గింజకు ఆ గింజే, చేటలో వేసి చెరిగితే మళ్ళీ విడివడతాయి. ఈ సంగతి బఠానీ మొక్కల మీద తేల్చినవాడు మెండెల్. ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణపు క్రైస్తవ మఠంలో 1856 నుంచి 1863 దాకా ఆ మొక్కలతో పనిచేసి, 1866లో వ్యాసం అచ్చువేశాడు. నున్నటి గింజల రకాన్ని ముడతల గింజల రకంతో కలిపితే మొదటి తరం గింజలన్నీ నున్నగానే వచ్చాయి. వాటిని తమలో తామే ఫలదీకరణం చెందనిస్తే రెండో తరంలో 5474 నున్నవి, 1850 ముడతలవి. అంటే మూడుకు ఒకటి. మాయమైందనుకున్న ముడత ఎక్కడికీ పోలేదు, ఒక తరం పాటు దాక్కుందంతే.

దాక్కోవడం అంటే ఏమిటో ఈ బఠానీ గింజలోనే చూడవచ్చు. ప్రతి జన్యువూ మొక్కలో రెండు ప్రతులుగా ఉంటుంది, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. మెండెల్ చూసిన ముడతకు కారణమైన జన్యువు పిండి పదార్థం తయారీకి అవసరమైన ఒక ఎంజైమును చేయిస్తుంది. ముడత రకంలో ఆ జన్యువు మధ్యలోకి దాదాపు 800 అక్షరాల డీఎన్ఏ ముక్క ఒకటి చొరబడి దాన్ని చెడగొట్టింది. ఎంజైము లేకపోతే చక్కెర పిండిగా మారక గింజలోనే మిగిలిపోతుంది. చక్కెర ఎక్కువున్న గింజ నీళ్ళు ఎక్కువ పీల్చి ఉబ్బుతుంది, ఎండినప్పుడు తొక్క ముడుచుకుంటుంది. రెండు ప్రతుల్లో ఒకటి చెడినా రెండోది సరిపడా ఎంజైము చేస్తుంది కాబట్టి గింజ నున్నగానే ఉంటుంది. ఊళ్ళో రెండు పిండి మిషన్లుంటే ఒకటి చెడినా ఊరికి పిండి ఆగదు కదా, అలాగన్నమాట. బహిర్గత లక్షణం, అంతర్గత లక్షణం అని పాఠ్యపుస్తకాలు చెప్పేది దీన్నే. ‘బహిర్గతం’ అంటే బలమైనదనో, మంచిదనో అర్థం చేసుకుంటారు చాలామంది. చాలాసార్లు అది పనిచేసే ప్రతికీ పనిచేయని ప్రతికీ ఉన్న తేడా మాత్రమే.

ఈ జన్యువులు కణంలో విడివిడిగా తేలుతూ ఉండవు. క్రోమోజోములనే పొడవాటి డీఎన్ఏ పోగుల మీద వరసగా కూర్చుని ఉంటాయి. మనిషికి 23 జతలు, అంటే 46. ఈ అంకె సరిగ్గా తేలింది 1956లోనే, అంతకుముందు 48 అని పుస్తకాల్లో రాసేవారు. వరికి 12 జతలు, చెనక్కాయకు 20, మన చేలల్లో ఎక్కువగా వేసే అమెరికన్ పత్తికి 26. పుప్పొడి రేణువుగానీ అండంగానీ తయారయ్యేటప్పుడు ప్రతి జతలోనూ ఒక్కటే లోపలికి వెళ్తుంది. ఏది వెళ్ళాలన్నది బొమ్మా బొరుసే. పత్తిలో 26 జతలకు ఇలా 26 సార్లు బొమ్మా బొరుసూ పడితే 6,71,08,864 రకాల పుప్పొడి రేణువులు సాధ్యం. పైగా జతలోని రెండు క్రోమోజోములూ విడిపోయే ముందు ముక్కలు మార్చుకుంటాయి కూడా, కాబట్టి అసలు లెక్క దీనికి ఎన్నో రెట్లు.

అంగట్లో కొనే పత్తి విత్తనం ఎక్కువగా హైబ్రిడ్, అంటే రెండు వేరు రకాలను కలిపి పుట్టించిన గింజ. అది ఎలా తయారవుతుందో చూస్తే ఈ లెక్క చేలోకి దిగుతుంది. తరతరాలుగా స్వపరాగ సంపర్కంతో నిలకడైన రెండు రకాలను తీసుకుని, ఒకదాన్ని ఆడ వరసలుగా, ఇంకోదాన్ని మగ వరసలుగా వేస్తారు. మర్నాడు విచ్చుకునే మొగ్గను మధ్యాహ్నం మూడు దాటాక గుర్తుపడతారు. అది తెల్లగా ఉబ్బి ఉంటుంది. మొగ్గ అడుగున బొటనవేలి గోరు దించి చుట్టూ తిప్పి, రేకులతో పాటు కేసరాల గొట్టాన్ని ఒక్కసారిగా ఊడదీస్తారు. మధ్యలో కీలం ఒక్కటే నిలుస్తుంది. దానికి ఎర్ర కాగితపు గొట్టం తొడుగుతారు. మర్నాడు ఎనిమిది నుంచి పదకొండు లోపు మగ పువ్వు తెచ్చి కీలం కొనకు రుద్దుతారు. ఒక మగ పువ్వు నాలుగైదు మొగ్గలకు వస్తుంది. గోరు కాస్త లోతుకు దిగితే అండాశయం గాయపడి మొగ్గ రాలిపోతుంది. ఒక్క కేసరం మిగిలినా ఆ కాయలో స్వంత గింజలు పడి విత్తనం కల్తీ అవుతుంది. పొద్దున జల్లు పడితే పుప్పొడి తడిసి చితికిపోతుంది, ఆ రోజు పని దండగే. ఒక్కో కాయకూ ఇంత చేతిపని ఉంది కాబట్టే ఆ విత్తనానికి అంత ధర. మన దేశంలో ఇలా చేతితో తయారుచేసిన మొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి హెచ్-4, సూరత్ పరిశోధన కేంద్రం నుంచి 1970లో వచ్చింది.

అలా పుట్టిన గింజల్లో ప్రతిదానికీ తల్లి నుంచి ఒకే రకం సెట్టు, తండ్రి నుంచి ఒకే రకం సెట్టు. అందుకే చేనంతా ఒకే ఎత్తు, ఒకేసారి పూత. తల్లి రకంలో చెడిన జన్యువుకు తండ్రి ప్రతి, తండ్రిలో చెడినదానికి తల్లి ప్రతి అడ్డం పడతాయి. హైబ్రిడ్ జోరుకు పెద్ద కారణం ఇదే. ఇప్పుడా చెట్టు గింజలు దాచి వేశామనుకోండి. రెండు వైపులా ప్రతులు వేరుగా ఉన్న ఒక్కో జన్యువుకూ మళ్ళీ అదే కలగలుపు జత వచ్చే అవకాశం సగమే. మిగతా సగంలో రెండూ తల్లివో, రెండూ తండ్రివో. క్రోమోజోముకు ఒక్క జన్యువు చొప్పున 26 చోట్ల మాత్రమే తేడా ఉందనుకున్నా, అన్నిచోట్లా కలగలుపే ఉన్న చెట్టు 6 కోట్ల 71 లక్షల చెట్లలో ఒకటి. మూడడుగుల సాళ్ళు, రెండడుగుల ఎడంతో ఎకరాకు ఏడు వేల పైచిలుకు చెట్లు పడతాయి. ఆ లెక్కన దాదాపు తొమ్మిది వేల ఎకరాలు వెతికితే మీ పోయినేటి చెట్టు ఒకటి దొరుకుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కొత్త విత్తనం కొని వేసినా ఆ రెండో తరం మన చేలోనే పుడుతుంది. చెట్టు హైబ్రిడ్, దాని కాయలోని గింజలు మాత్రం తర్వాతి తరం. కాయ పొట్టు, గింజ పైతొక్క, ఆ తొక్క మీద మొలిచే దూది తల్లి చెట్టు ఒంట్లోవే, అందుకే దూది ఒకే తీరుగా వస్తుంది. లోపలి పప్పు మాత్రం పిల్లది. కాయతొలుచు పురుగును చంపే విషాన్ని చెట్టే చేసుకునేలా బ్యాక్టీరియా జన్యువు చేర్చిన బీటీ పత్తిలో దీనికి ఫలితం ఉంది. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీటీ హైబ్రిడ్లలో ఆ రెండూ సాధారణంగా ఒక్కో ప్రతిగానే ఉంటాయి, వేర్వేరు చోట్ల కూర్చుని ఉంటాయి. కాబట్టి ఒక కాయలోని గింజల్లో ప్రతి 16కూ సగటున 9 గింజల్లో రెండూ ఉంటాయి, మూడింట్లో ఒకటి, మరో మూడింట్లో రెండోది, ఒక గింజలో ఏదీ ఉండదు. ముప్పై గింజల కాయలో దాదాపు రెండు గింజలు ఏ విషమూ లేనివన్నమాట. గులాబి రంగు పురుగు పనే కాయలో దూరి గింజలు తినడం. ఒక గింజలో విషం, పక్క గింజలో సగం, ఇంకోదాంట్లో శూన్యం. తట్టుకునే పురుగులు బతికి బట్టకట్టడానికి ఇంతకన్నా మంచి శిక్షణ శిబిరం ఎవరూ కట్టివ్వలేరు. తొలి బీటీ రకాన్ని ఆ పురుగు తట్టుకుంటోందని గుజరాత్ చేలల నుంచి 2010లోనే బయటపడింది. పురుగు మళ్ళీ రావడానికి ఇదొక్కటే కారణం కాదు, పంటను వేసవి దాకా పొడిగించడం, మోళ్ళు చేలోనే వదిలేయడం కూడా ఉన్నాయి. కానీ గింజలోని ఈ గణితాన్ని రైతుకు ఎవరూ చెప్పరు.

చెనక్కాయ దారి పూర్తిగా వేరు. దాని పసుపుపచ్చ పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుంటుంది, కానీ పుప్పొడి కీలం మీద పడేది అంతకు ముందే, పడవలా ముడుచుకున్న లోపలి రేకుల మధ్య. తేనెటీగ వచ్చేసరికి పెళ్ళి అయిపోయి ఉంటుంది. తర్వాత ఊడ భూమిలోకి దిగి కాయ కడుతుంది. తనతో తానే సంపర్కం జరిపే మొక్కలో కలగలుపు జతలు తరానికి సగం చొప్పున తగ్గిపోతాయి. మొదటి తరంలో నూటికి నూరు ఉంటే తర్వాత 50, 25, 12.5, అలా ఎనిమిదో తరానికి ఒక్క శాతం లోపు. అందుకే కదిరి పరిశోధన స్థానంలో రూపొందిన కదిరి-6 లాంటి రకం విత్తనం దాచి వేసినా తల్లిలాగే వస్తుంది.

కొత్త చెనక్కాయ రకం పుట్టించాలంటే మాత్రం సాయంత్రం పూట మొగ్గను చిమటాతో తెరిచి, పనిచేసే ఎనిమిది పుప్పొడి తిత్తులనూ తీసేసి, మర్నాడు తెల్లవారుజామున పరాయి పుప్పొడి పెట్టాలి. ఇంత చేస్తే దక్కేది ఒక కాయ, అందులో ఒకటో రెండో గింజలు. ఆ తర్వాత ఆరేడు తరాలు ఎంపిక చేసుకుంటూ పోవాలి. హైబ్రిడ్ చెనక్కాయ అంగట్లో ఎందుకు లేదో దీన్నిబట్టే తెలుస్తుంది.

దాచిన చెనక్కాయ విత్తనం చెడిందంటే తప్పు సాధారణంగా జన్యువులది కాదు. కళ్ళంలో రెండు రకాలు కలిసిపోవడం, తేమ 9 శాతం పైన ఉండగానే మూటకట్టడం, ముందే ఒలిచి పప్పుగా నిల్వచేయడం కారణాలు. కాయగానే ఉంచి, విత్తే ముందు ఒలుచుకోవాలి. ఇంకో మాట. ఎక్కువ పండేదాన్నల్లా ఊళ్ళో హైబ్రిడ్ అనేస్తారు. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద పండి కర్నూలు సోనాగా అమ్ముడయ్యే బీపీటీ 5204 వరి హైబ్రిడ్ కాదు, నిలకడైన రకం. దాచి వేసుకోవచ్చు. సంచి మీద ఎఫ్1 (మొదటి తరం హైబ్రిడ్) అనో హైబ్రిడ్ అనో ఉందా, రకం అని ఉందా అన్నదే చూడాలి.

మరి చెనక్కాయ తరతరాలు తనను తానే చేసుకుంటుంటే రాని ముప్పు మేనరికంలో ఎందుకొస్తుంది? చెనక్కాయలో చెడ్డ జతలు పడ్డ మొక్కలు వేల తరాల కిందటే చచ్చి తుడిచిపెట్టుకుపోయాయి. మనుషుల్లో అలా కాదు. మనలో ప్రతి ఒక్కరమూ కొన్ని చెడిన ప్రతులను మంచి ప్రతి చాటున మోస్తుంటాం. మేనమామ, మేనకోడలు చేసుకుంటే పుట్టే బిడ్డ జన్యువుల్లో సగటున ఎనిమిదింట ఒకటి ఒకే పూర్వీకుల ప్రతి రెండుసార్లు వచ్చి పడ్డ జత అవుతుంది. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయితే పదహారింట ఒకటి. వరసకు అన్నాచెల్లెళ్ళయ్యే పెదనాన్న, చిన్నాన్న బిడ్డల మధ్య లెక్క కూడా సరిగ్గా పదహారే. జన్యువుకు వరసలు తెలియవు. మేనరికాల్లో ఎక్కువమందికి ఆరోగ్యమైన పిల్లలే పుడతారన్నదీ నిజమే. దాగిన ప్రతి ఆ కుటుంబంలో ఏముందన్న దాన్నిబట్టి ముప్పు ఉంటుంది.

రక్తంలో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తలసీమియా జబ్బు దీనికి మంచి ఉదాహరణ. ఒక్క ప్రతి చెడినవారు మామూలుగానే తిరుగుతారు, మహా అయితే కాస్త రక్తహీనత. ఇద్దరు అలాంటివారు చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ‘పెద్దబిడ్డకు వచ్చేసింది కదా, ఇక ముగ్గురికి భయం లేదు’ అనుకోవడం తప్పు. బొమ్మా బొరుసుకు పోయిన కాన్పు గుర్తుండదు. పెళ్ళికి ముందో, గర్భం మొదట్లోనో రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఎ2 పాళ్ళు చూస్తారు. సాధారణంగా 3.5 శాతం దాటితే అనుమానించాలి. ఇద్దరికీ ఉందని తేలితే 10 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డ జన్యువును పరీక్షించవచ్చు. ఒంట్లో ఇనుము బాగా తక్కువగా ఉన్నప్పుడు ఎ2 పాళ్ళు తగ్గి కనబడి, ఉన్న లోపం దాగిపోవచ్చు. అలాంటప్పుడు ముందు ఇనుము సరిచేసుకుని, పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి.