మనసు జబ్బుల లెక్కలు: ఓపీలో రోజూ వినే అపోహలు, వాస్తవాలు

ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి ఉంది, రైతు బజారు ఉంది, ఇప్పుడు మెట్రో స్టేషన్ కూడా ఉంది. అయినా హైదరాబాద్‌లో ఎవరైనా "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అంటే కూరగాయలకని ఎవరూ అనుకోరు, అక్కడి మానసిక ఆసుపత్రికనే అనుకుంటారు. పీజీ రోజుల నుంచి లెక్కేస్తే సైకియాట్రీలో నాకు పద్దెనిమిదేళ్లు. చుట్టాల్లో కొందరికి ఇప్పటికీ నేను "పిచ్చి డాక్టరమ్మ"నే. దానికి అలవాటు పడ్డాను. అలవాటు పడలేనివి జబ్బుల గురించి, మందుల గురించి, ఈ మధ్య అంకెల గురించి కూడా తిరుగుతున్న తప్పుడు మాటలు. వాటిలో కొన్ని ఇవి.

అపోహ: "ఇవన్నీ డబ్బున్నోళ్ల రోగాలు మేడమ్. మా కాలంలో ఎక్కడున్నాయి?"

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. 12 రాష్ట్రాల్లో దాదాపు 35 వేల మంది పెద్దవాళ్లను ఇళ్లకే వెళ్లి ప్రశ్నలు అడిగారు. నూటికి 10.6 మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. మద్యం వ్యసనం కూడా ఇందులో కలిసే ఉంది. పల్లెలతో పోలిస్తే మహానగరాల్లో దాదాపు ఒకటిన్నర రెట్లు కనిపించింది. ఇక డబ్బు సంగతంటారా, ఆదాయం తక్కువ ఉన్న ఇళ్లలోనే సమస్య ఎక్కువ.

ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. ఆ సర్వే పేరు చెప్పి "తెలంగాణలో ఇంత శాతం" అని ఎవరైనా రాస్తే, వాళ్లు దాన్ని తెరిచి చూడలేదన్నమాట.

మన రాష్ట్రాల ఊసు వచ్చేది ఇంకోచోట. 2017 నాటికి దేశంలో ప్రతి ఏడుగురిలో ఒకరికి, అంటే దాదాపు 19.7 కోట్ల మందికి, ఏదో ఒక మానసిక సమస్య ఉందని లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. డిప్రెషన్ ఎక్కువ ఉన్న రాష్ట్రాల వరసలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. ఒకచోట పదిమందిలో ఒకరు, ఇంకోచోట ఏడుగురిలో ఒకరు. ఏది నిజం? రెండూ నిజమే, లెక్కలోకి తీసుకున్న జబ్బులు వేరు. ఆటిజం, పిల్లల్లో బుద్ధిమాంద్యం లాంటివి రెండోదాంట్లో ఉన్నాయి. పైగా అది ఇంటింటికీ తిరిగి తేల్చింది కాదు, దొరికిన సమాచారాన్నంతా కలిపి గణితంతో కట్టిన అంచనా.

అదే అధ్యయనంలో మరో అంకె ఉంది. దేశం మొత్తం జబ్బుల భారంలో మానసిక జబ్బుల వాటా 1990లో 2.5 శాతం, 2017లో 4.7 శాతం. దీన్ని పట్టుకుని "రోగులు రెట్టింపయ్యారు" అని రాసేశారు. పెరిగింది వాటా. అతిసారం, అంటువ్యాధులతో పిల్లలు చనిపోవడం తగ్గేకొద్దీ, తగ్గని జబ్బుల వాటా దానంతటదే పెద్దదై కనిపిస్తుంది. మా నాయనమ్మ కాలంలోనూ ఈ జబ్బులున్నాయి. అప్పుడు వాటిని దిగులు అనో, గాలి సోకిందనో అనేవాళ్లు.

అపోహ: "సాఫ్ట్‌వేర్ వాళ్లలో సగం మందికి డిప్రెషనంట. సర్వేలో తేలింది!"

ఇలాంటి వార్త కనిపిస్తే నేను మొదట చూసేది ఒక్కటే, ఎలా అడిగారు? చాలావాటిలో సమాధానం ఒక ఆన్‌లైన్ ఫారం. తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి లింకు వాట్సాప్‌లో పంపుతారు, స్కోరు 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ కింద రాసుకుంటారు. ఆ ప్రశ్నావళి మంచిదే, నేనూ వాడతాను. కానీ అది జల్లెడ. అందులో మిగిలినదంతా రాయేమీ కాదు.

లెక్క వేసి చూద్దాం. వెయ్యిమందిలో నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్లు 50 మంది అనుకోండి. ప్రశ్నావళి ఉన్నవాళ్లలో 85 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 85 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. పరిశోధనల్లో దాని పనితనం సుమారుగా ఇంతే. అప్పుడు ఆ 50 మందిలో 42 మంది దొరుకుతారు. మిగిలిన 950 మందిలో 15 శాతం, అంటే దాదాపు 143 మంది, జబ్బు లేకుండానే జల్లెడలో మిగిలిపోతారు. మొత్తం 185. ఉన్నది 5 శాతమైతే పేపర్లో వచ్చేది 18.5 శాతం! పైగా "మీ మానసిక ఆరోగ్యం ఎలా ఉంది?" అనే లింకును ఎవరు నొక్కుతారు? మనసు బాగోలేనివాళ్లే ఎక్కువగా నొక్కుతారు.

తక్కువ చేసి చూపించడం ఇంకా సులువు. పీజీలో ఉండగా థీసిస్ కోసం బోరబండ బస్తీల్లో ఇంటింటికీ తిరిగాను. మొదటి రెండు రోజులూ గుమ్మం ముందు నిలబడి, "మీ ఇంట్లో ఎవరికైనా మానసిక సమస్య ఉందా అమ్మా?" అని అడిగాను. నలభై ఇళ్లు తిరిగితే ఒక్కరికీ లేదన్నారు. ఒక పెద్దావిడైతే "నీకేమైనా ఉందా బిడ్డా?" అని తలుపేసింది. తప్పు నాదే. మూడో రోజు ప్రశ్న మార్చాను. "నిద్ర ఎట్ల పడుతోందమ్మా? అన్నం సహిస్తోందా?" అన్నాను. లోపలికి రమ్మన్నారు, చాయ్ ఇచ్చారు. ఒకామె తన నిద్ర గురించి మొదలుపెట్టి, కొడుకు పోయినప్పటి సంగతి దాకా గంటసేపు చెప్పింది. అవే గల్లీలు, అదే జనం.

అపోహ: "మనవాళ్లకు అవగాహన లేదు, డాక్టర్ దగ్గరికే పోరు."

ఇది చదువుకున్నవాళ్ల అపోహ. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేదీ ఇదే.

జాతీయ సర్వే ప్రకారం డిప్రెషన్, యాంగ్జయిటీ లాంటి మామూలు మానసిక సమస్యలున్నవాళ్లలో 85 శాతం మందికి చికిత్స అందట్లేదు. తీవ్రమైన జబ్బుల్లో కూడా 73.6 శాతం. ఈ అంకె చూడగానే జనం ఇంట్లో కూర్చుని దాచుకుంటున్నారని అనుకుంటాం. నా టేబుల్ మీదికి వచ్చే ప్లాస్టిక్ కవర్లు వేరే కథ చెబుతాయి.

జీడిమెట్లలో కంపెనీలో పనిచేసే ఒకాయన, గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మారుస్తున్నాను, భార్యతో వచ్చాడు. ఆమె చేతిలో చీరల షాపు కవరు. అందులో తేదీల వరసన పేర్చి రబ్బరు బ్యాండు వేసిన కాగితాలు. ఆరు ఈసీజీలు, వాటిలో పాతవి వెలిసిపోయి గీతలు కూడా కనబడట్లేదు. రెండు టూడీ ఎకోలు, ఒక టీఎంటీ, ఎండోస్కోపీ, థైరాయిడ్, బి12, చివర్లో బ్రెయిన్ ఎంఆర్ఐ. పద్నాలుగు నెలల్లో తిరిగిన డాక్టర్లు తొమ్మిదిమంది, అందులో ఇద్దరు ఆర్‌ఎంపీలు. చేతికి తాయెత్తు. "అన్నీ నార్మలే అంటున్నరు మేడమ్. మరి నాకేమైనట్టు?"

బాలానగర్ దగ్గర బస్సులో ఒకరోజు ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, వేళ్లు తిమ్మిర్లు, ఊపిరి ఆడకపోవడం, ఇక చచ్చిపోతున్నానన్న భయం. పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి అరగంటలో తగ్గిపోయింది. ఆ తర్వాత నెలకు నాలుగైదుసార్లు. ఇప్పుడు బస్సు ఎక్కడం మానేశాడు, నీళ్ల సీసా, గ్యాస్ మాత్ర లేకుండా గడప దాటడు. ఇది పానిక్ డిజార్డర్. పుస్తకంలో రాసినట్టే ఉంది. తొమ్మిదిమంది డాక్టర్లలో ఒక్కరు ఐదు నిమిషాలు కూర్చుని అడిగి ఉంటే బయటపడేది.

ఈయనకు అవగాహన లేదంటారా? మనవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్తూనే ఉన్నారు. మనసు బాధను ఒంటి భాషలో చెబుతున్నారు, అంతే. గ్యాస్ పైకి తన్నుతోంది, నరాలు లాగుతున్నాయి, ఒళ్లంతా మంటలు, తల బరువు, నీరసం. ఆ భాష వినాల్సింది మనం. ఎకో తీయకూడదనడం లేదు, మొదటిసారి తీయాల్సిందే. రెండోసారి ఎందుకన్నదే నా ప్రశ్న. సర్వేలో చికిత్స అందనివాళ్ల లెక్కలో పడ్డవాళ్లలో ఇలాంటి కవర్లు పట్టుకుని తిరిగేవాళ్లు ఎందరో.

దేశంలో లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్ట్ కూడా లేరు. అందుకని అందరినీ మా దగ్గరికే పంపమనడం లేదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక పరిశోధన జరిగింది, 2017లో లాన్సెట్‌లో వచ్చింది. డిప్రెషన్ బాగా ముదిరిన 495 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యంతో పాటు శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు ఇచ్చారు. వాళ్లు డాక్టర్లు కారు, సైకాలజీ చదివినవాళ్లూ కారు. మూడు నెలలకు వాళ్ల దగ్గర నూటికి 64 మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 39 మంది. మన పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల్లోనూ ఇలాంటి ప్రయత్నమే జరిగింది. ఆశా వర్కర్లు ట్యాబ్ పట్టుకుని ఇళ్లకు వెళ్లి ప్రశ్నలు అడిగి, అవసరమైనవాళ్లను పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి పంపారు. అవసరమున్నవాళ్లలో వైద్యం తీసుకున్నవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. పెద్ద మార్పే, కానీ ఇంకా నూటికి 87 మంది మిగిలారు. ఇలాంటి ఫలితాలు చూసినప్పుడు నేను ఆ మిగిలినవాళ్లనే ఎక్కువ లెక్కపెడతాను.

అపోహ: "ఈ మాత్రలు మత్తువి. ఒకసారి మొదలెడితే జీవితాంతం మింగాల్సిందే."

ఇందులో సగం నిజం వేరే మాత్రల గురించి. డిప్రెషన్‌కు, యాంగ్జయిటీకి మేం ఎక్కువగా రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి. వేసుకున్న గంటకు హాయి అనిపించే మందులు కావవి. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారంలో వికారం ఉంటుంది. లైంగిక కోరిక తగ్గొచ్చు. ఇది రోగులు అడగరు, నేనే చెప్పేస్తాను, లేకపోతే నెలకు చెప్పకుండా మానేస్తారు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే, పూర్తిగా తగ్గాక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి మెల్లగా తగ్గించుకుంటూ ఆపేస్తాం. ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, తలలో కరెంటు జివ్వుమన్నట్టు అనిపించడం జరుగుతాయి. డోసు పెంచుకుంటూ పోవాలన్న యావ మాత్రం ఉండదు. బైపోలార్‌కు (మనసు అతి హుషారుకూ కుంగుబాటుకూ మధ్య ఊగే జబ్బు), స్కిజోఫ్రెనియాకు (లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు పట్టుకునే జబ్బు) చాలామంది ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చు. ఆ మాట ముందే చెప్తాను. "షుగర్ మాత్రల్లాగే" అనే పోలిక మాత్రం నేను వాడను, షుగర్ అనగానే ఇంకా భయపడుతున్నారు.

నిజంగా అలవాటయ్యేవి నిద్రకు, కంగారుకు ఇచ్చే అల్ప్రాజోలం, క్లోనాజెపామ్, డైజిపామ్ లాంటివి. కొద్ది వారాలకు మించి రోజూ వాడకూడదు. తమాషా ఏమిటంటే నేను రాసే సెర్ట్రాలిన్‌కు భయపడేవాళ్లే, మెడికల్ షాపులో పక్కింటివాళ్ల చీటీ చూపించి అల్ప్రాజోలం మూడేళ్లుగా కొనుక్కుని ఉంటారు. ఈ అల్ప్రాజోలం, డైజిపామ్‌లనే కల్తీ కల్లులో కలుపుతారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం ఒక్కసారిగా దొరక్కుండా పోయిన కొద్దిరోజులకే చేతులు వణుకుతూ, ఫిట్స్ వస్తూ, లేనివి కనిపిస్తున్నాయంటూ జనం ఎర్రగడ్డ ఆసుపత్రికి బారులు కట్టారు. అలవాటు పడ్డ మందును ఉన్నపళంగా ఆపితే ఏమవుతుందో ఊరంతా చూసింది.

అపోహ: "కరెంటు షాకిచ్చి మనిషిని మొద్దుబారుస్తారు."

మత్తు ఇవ్వకుండా, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ (ఈ కరెంటు చికిత్స) చేయడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషేధం. తిండి మానేసి, చావే గతి అనుకునే తీవ్రమైన డిప్రెషన్‌లో ఇది మందులకంటే త్వరగా పనిచేస్తుంది. కొంత మతిమరుపు వస్తుంది. చాలామందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. సినిమా వాళ్లతో మేం గెలవలేం.

అపోహ: "పెళ్లి చేస్తే అన్నీ అవే సర్దుకుంటాయి."

సర్దుకోవు. చెప్పకుండా చేసిన పెళ్లిళ్లలో కోడలు మాత్రలను కాల్షియం డబ్బాలో పోసి దాచుకోవడం చూశాను. ఆడపడుచుకు నడుం నొప్పొచ్చి ఆ డబ్బా అడిగేదాకా సాగింది. తర్వాత మాత్రలు ఆగాయి, నిద్ర కరువైంది, జబ్బు తిరగబెట్టింది. కాన్పు సమయం ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది. ఏ జబ్బూ లేనివాళ్లనూ కలిపి చూస్తేనే మన దేశంలో బాలింతల్లో దాదాపు 22 శాతం మందికి డిప్రెషన్ వస్తుందని అధ్యయనాలను క్రోడీకరించినప్పుడు తేలింది. "పిల్లలకూ వస్తుందా?" అని అడుగుతారు. తల్లిదండ్రుల్లో ఒకరికి స్కిజోఫ్రెనియా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు పది శాతం. అంటే తొంభై శాతం రాదు. ఈ మాట విన్నాక ఊపిరి పీల్చుకున్న తండ్రులు చాలామంది.

అపోహ: "చావు మాట మనం ఎత్తితే, లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది."

అమెరికాలో రెండు వేలకు పైగా హైస్కూల్ పిల్లలతో దీన్ని పరీక్షించారు. 2005లో ఫలితాలు వచ్చాయి. సగం మందిని చనిపోవాలన్న ఆలోచనల గురించి సూటిగా అడిగారు, సగం మందిని అడగలేదు. అడిగినవాళ్లలో ఆలోచనలేమీ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకైతే కాస్త ఊరటే కలిగింది. మా అనుభవమూ అదే. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే ఎదుటి మనిషి కోప్పడడం నేను చాలా తక్కువ చూశాను. ఎక్కువమంది తల దించుకుని కాసేపు ఏమీ మాట్లాడరు, తర్వాత చెప్పడం మొదలుపెడతారు. అప్పుడు "అలాంటి మాటలనకు, పిల్లల ముఖం చూడు" అని ఆపేయకండి. చెప్పనివ్వండి. ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందు, మాత్రల డబ్బాలు అందకుండా తీసేయండి.

పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకురానివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2017 చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. భయపడకుండా తీసుకురండి. రాత్రి రెండు గంటలకు ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేసేది రోగే కానక్కర్లేదు. పక్క గదిలో పడుకున్న కొడుకు గురించి తల్లి కూడా చేయొచ్చు.