ప్రశ్నల లెక్క చూసి ఎంపీని తూచకండి

నేను బ్రిటన్‌లో ఒక ఎంపీ గారి ఆఫీసులో పనిచేస్తాను. ఆమెకు మంత్రి పదవి లేదు. ఇక్కడివాళ్ల మాటలో బ్యాక్‌బెంచర్. ఆమె పేరు మీద ప్రభుత్వానికి వెళ్లే రాతపూర్వక ప్రశ్నలు తయారు చేయడం, వచ్చిన జవాబులు చదివి తర్వాత ఏం అడగాలో చూడటం నా పనిలో పెద్ద భాగం. వీసా రూల్స్ మారిన ప్రతిసారీ ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎంపీల గురించి రకరకాల మాటలు తిరుగుతుంటాయి. వాటిలో తరచూ కనిపించేవి కొన్ని తీసుకుని, లోపల పని ఎలా జరుగుతుందో రాస్తున్నాను.

అపోహ: ఎక్కువ ప్రశ్నలు అడిగిన ఎంపీ ఎక్కువ పనిచేస్తున్నట్టు

ఎంపీల ప్రశ్నలను లెక్కపెట్టి చూపించే వెబ్‌సైట్లు ఉన్నాయి. ఆ అంకె చూసి "మా ఎంపీ సున్నా, మీ ఎంపీ 800" అని స్క్రీన్‌షాట్ పెట్టేస్తారు. ఆన్సర్ షీటులో ఏం రాశాడో చూడకుండా, ఎన్ని అడిషనల్ షీట్లు తీసుకున్నాడో చూసి మార్కులు వేయడం లాంటిది ఇది.

ముందు ఆ సున్నా సంగతి చూద్దాం. మంత్రులు ప్రశ్నలు అడగరు, వాళ్లది జవాబు చెప్పే వైపు. హౌస్ ఆఫ్ కామన్స్‌లో 650 మంది సభ్యులుంటే, అందులో 95 మంది దాకా మంత్రులుగా ఉండవచ్చని చట్టమే చెబుతోంది. స్పీకరూ అడగరు. కాబట్టి మీ ఎంపీ హోం శాఖలో జూనియర్ మంత్రి అయితే, ఆ సున్నాకు అర్థం ఆయన రోజంతా ఇతరుల ప్రశ్నలకు జవాబుల మీద సంతకాలు పెడుతున్నారని. అధికార పక్షంలోని మామూలు ఎంపీల్లో చాలామంది కూడా మంత్రిని లాబీలోనే పట్టుకుని పని చేయించుకోవడానికి ఇష్టపడతారు. అది ఏ లెక్కలోకీ రాదు.

ఇక 800 సంగతి. ఆన్‌లైన్‌లో ఒక ఎంపీ రోజుకు 20 రాతపూర్వక ప్రశ్నల దాకా వేయవచ్చు. "మీ శాఖ టాక్సీల మీద ఎంత ఖర్చు పెట్టింది?" అన్న ఒకే వాక్యాన్ని మంత్రి పేరు మార్చి అన్ని శాఖలకూ పంపితే, ఒక్క మధ్యాహ్నంలో ఆ రోజు కోటా దాదాపు అయిపోతుంది. ఇలాంటివి ఒక్కోసారి నిజంగానే అవసరం. ఏ శాఖ ఎంత దుబారా చేస్తోందో పోల్చి చూపాలంటే వేరే దారి లేదు. ఊరికే అంకె పెంచుకోవడానికి వేసేవాళ్లూ ఉన్నారు, పేర్లెందుకు. నేనైతే ఎవరి ప్రశ్నల జాబితా చూసినా, ఒకే విషయం మీద వరుసగా వెళ్లిన ప్రశ్నలు ఉన్నాయా అని వెతుకుతాను. మార్చిలో ఒకటి, దాని జవాబు పట్టుకుని ఏప్రిల్‌లో ఇంకొకటి, జూన్‌లో మూడోది. అలాంటి గొలుసు కనిపిస్తే ఆ ఆఫీసులో ఎవరో ఆ విషయం మీద కూర్చుని పనిచేస్తున్నారని నాకు అర్థమవుతుంది.

అపోహ: ప్రశ్న ఎంపీ రాస్తారు, జవాబు మంత్రి రాస్తారు

ఇద్దరూ రాయరు, చాలాసార్లు. ప్రశ్న మాలాంటి స్టాఫ్ రాస్తాం. ఎంపీ అనుమతి ఇస్తే ఆన్‌లైన్‌లో మేమే సమర్పిస్తాం కూడా. స్వచ్ఛంద సంస్థలు, ప్రచార సంఘాలు తమ ముసాయిదాలు పంపుతుంటాయి. పనికొస్తే సరిదిద్ది వాడుకుంటాం. అవతల జవాబు సివిల్ సర్వెంట్ రాస్తారు, మంత్రి ఆమోదిస్తారు. అయినా బాధ్యత మాత్రం సంతకం పెట్టినవాళ్లదే.

మధ్యలో టేబుల్ ఆఫీస్ అని ఒకటుంది. పార్లమెంటు క్లర్కులు ప్రతి ప్రశ్ననూ రూల్స్ ప్రకారం చూసేది అక్కడే. సమాచారం అడగాలి, లేదా ఏదైనా చర్య తీసుకోమని కోరాలి. వాదించకూడదు. ఆ శాఖ బాధ్యతలో ఉన్న విషయమే అయ్యుండాలి. స్కాట్లండ్ ఆసుపత్రుల గురించి లండన్‌లోని ఆరోగ్య మంత్రిని అడిగితే కుదరదు, అది ఎడిన్‌బరా ప్రభుత్వం పని. కోర్టులో నడుస్తున్న కేసుల జోలికి వెళ్లకూడదు. మంత్రి జవాబివ్వడానికి నిరాకరించిన ప్రశ్నను మూడు నెలల దాకా మళ్లీ వేయకూడదు. తేడా వస్తే ప్రశ్న ఆగిపోతుంది. మా భాషలో "కార్డ్ పడింది" అంటాం. అప్పుడు క్లర్కుతో మాట్లాడి మాటలు మార్చుకోవాలి. ఆ క్లర్కులు ఏ పార్టీ వైపూ ఉండరు, ఓపిక చాలా ఎక్కువ. నేను ఈ పని సగం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

ఒక ఉదాహరణ. వీసాతో పాటు కట్టే ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌ఛార్జ్ 2024 ఫిబ్రవరిలో పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకు 776 పౌండ్లు అయింది. "ఇంత అన్యాయంగా ఎందుకు పెంచారు?" అని రాస్తే కార్డ్ పడుతుంది. "గత 5 ఆర్థిక సంవత్సరాల్లో ఒక్కో ఏడాది ఈ సర్‌ఛార్జ్ కింద ఎంత వసూలైంది?" అంటే వెళ్తుంది. అంకె చేతికొచ్చాక అన్యాయమో కాదో చర్చలో ఎంపీ చెప్పుకోవచ్చు, పత్రికలు రాసుకోవచ్చు.

మరీ లోతుగా అడిగినా దెబ్బే. జవాబు సిద్ధం చేయడానికి 850 పౌండ్లకు మించి ఖర్చవుతుందనుకుంటే, "ఖర్చు మితిమీరుతుంది" అని శాఖ చెప్పేయవచ్చు. జిల్లావారీగా, వయసువారీగా, దేశంవారీగా అన్నీ ఒకేసారి అడిగితే వచ్చేది ఈ జవాబే. అందుకే కొన్నిసార్లు ముందు ఒక చిన్న ప్రశ్న వేస్తాను: "ఈ వివరాలు మీ శాఖ దగ్గర ఒకచోట నమోదై ఉన్నాయా?" ఉన్నాయని రాసిచ్చాక, రెండో ప్రశ్నకు తప్పించుకోవడం కష్టం.

అపోహ: జవాబుల్లో ఏమీ ఉండదు, టైం వేస్ట్

అసలు చెప్పాలనుకున్నది ఇదే. "తగిన సమయంలో వివరాలు ప్రకటిస్తాం", "విషయాన్ని నిరంతరం సమీక్షిస్తున్నాం", "ఇది ఆ సంస్థ నిర్వహణకు సంబంధించిన అంశం" అనే వాక్యాలు నిజంగానే విసుగు పుట్టిస్తాయి. కానీ ప్రతి జవాబూ ఒక నంబరుతో, తేదీతో, మంత్రి పేరుతో శాశ్వతంగా రికార్డులో ఉంటుంది. ఎవరైనా వెతుక్కోవచ్చు. మంత్రి పార్లమెంటుకు తప్పు చెప్పారని తేలితే అధికారికంగా దిద్దుకోవాలి. తెలిసి తప్పుదారి పట్టించారని తేలితే పదవే పోవచ్చు. ఇదే మాట టీవీ ఇంటర్వ్యూలో చెబితే ఆ భయం ఉండదు.

నాకు బాగా నచ్చే జవాబు ఒకటుంది: "అటువంటి అంచనా ఏదీ వేయలేదు." చదవగానే నిరాశపడతారు. కానీ ఒక ఫీజు పెంచి, దాని ప్రభావం ఎలా ఉంటుందో లెక్క చూసుకోలేదని ప్రభుత్వమే రాసిచ్చిందంటే అంతకంటే ఏం కావాలి? ప్రచార సంఘాలు ఆ ఒక్క వాక్యాన్ని నెలల తరబడి వాడుకుంటాయి.

జవాబు చాలకపోతే "ఫలానా నంబరు ప్రశ్నకు ఇచ్చిన జవాబును అనుసరించి" అంటూ మళ్లీ అడుగుతాం. ఈ పట్టుదలకు ఇక్కడ అందరూ చెప్పే పేరు టామ్ డాల్యెల్. స్కాట్లండ్ నుంచి గెలిచిన లేబర్ ఎంపీ. 1982 మే 2న ఫాక్‌లండ్స్ యుద్ధంలో బ్రిటన్ జలాంతర్గామి అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానోను ముంచింది. 323 మంది చనిపోయారు. ఆ నౌక బ్రిటన్ నౌకల మీదికి వస్తోందని ప్రభుత్వం మొదట చెప్పింది. నిజానికి దాడి సమయానికి అది దూరంగా వెళ్తోంది. ఎప్పుడు కనిపించింది, ఎటు వెళ్తోంది, ఆదేశం ఎవరు ఎప్పుడు ఇచ్చారు అంటూ డాల్యెల్ ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. సొంత పార్టీలోనూ కొందరు విసుక్కున్నారు. ఆ ప్రశ్నలకు జవాబులు తయారు చేసే పనిలో ఉన్న రక్షణ శాఖ అధికారి క్లైవ్ పాంటింగ్, పార్లమెంటును తప్పుదారి పట్టిస్తున్నారని భావించి 1984లో కొన్ని పత్రాలు డాల్యెల్‌కు పంపారు. అధికార రహస్యాల చట్టం కింద పాంటింగ్ మీద కేసు పెట్టారు. 1985లో జ్యూరీ ఆయన్ని నిర్దోషిగా వదిలేసింది. ప్రశ్న అవతలి వైపు కూర్చుని జవాబు రాసే మనిషిని కూడా కదిలిస్తుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అపోహ: వారంలో జవాబు ఇచ్చి తీరాలి

మామూలు ప్రశ్నకు ఏడు రోజుల్లో జవాబు ఇవ్వడం ఆనవాయితీ. ఫలానా తేదీకే కావాలని అడిగేవి వేరే ఉన్నాయి. నేమ్డ్ డే ప్రశ్నలంటారు, ఎంపీకి రోజుకు 5 మాత్రమే. ఆ తేదీకి కూడా కొన్నిసార్లు "త్వరలో జవాబిస్తాం" అన్న తాత్కాలిక జవాబే వస్తుంది. ఏ శాఖ ఎంత ఆలస్యం చేస్తోందో ప్రొసీజర్ కమిటీ అనే ఎంపీల కమిటీ గమనిస్తుంటుంది. పార్లమెంటు సమావేశాల కాలం ముగిస్తే మిగిలిపోయిన ప్రశ్నలకు "ఉన్న సమయంలో జవాబు ఇవ్వడం సాధ్యపడలేదు" అని ఒకే వాక్యం అంటించేస్తారు. నెలలు పట్టి అల్లిన గొలుసు అక్కడ తెగితే ఒళ్లు మండుతుంది.

మన లోక్‌సభ పద్ధతికి అలవాటుపడినవాళ్లకు ఒక తేడా చెప్పాలి. అక్కడ రోజుకు నక్షత్ర గుర్తున్న (సభలో నోటితో జవాబు చెప్పే) ప్రశ్నలు 20, గుర్తు లేనివి (రాతలో జవాబిచ్చేవి) 230 అని పరిమితి ఉంది, లాటరీలో రావాలి. ఇక్కడ రాతపూర్వక ప్రశ్నకు లాటరీ లేదు. రూల్స్ దాటకపోతే ప్రతి ప్రశ్నా వెళ్తుంది. లాటరీ ఉండేది సభలో నోటితో అడిగే వాటికే.

అపోహ: నా వీసా కేసు పార్లమెంటులో అడిగిస్తే పనైపోతుంది

మాకు తెలుగువాళ్ల నుంచి వచ్చే మెయిల్స్‌లో ఎక్కువ ఇవే. ఒక వ్యక్తి ఫైలు గురించి రాతపూర్వక ప్రశ్న వేయం. వేస్తే మీ సంగతి లోకమంతా చదువుతుంది. అలాంటివి కేస్‌వర్క్ కింద చూస్తాం. హోం శాఖలో ఎంపీల విచారణల కోసమే ప్రత్యేక విభాగం ఉంది, దానికి మీ అనుమతితో రాస్తాం. ఫైలు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, పొరపాటు ఉంటే బయటపడుతుంది. వీసా ఇవ్వమని ఆదేశించే అధికారం ఏ ఎంపీకీ లేదు.

ఎంపీ తన నియోజకవర్గంలో ఉండేవాళ్ల పనే చూస్తారు. అందుకే మెయిల్‌లో మీ చిరునామా, పోస్ట్‌కోడ్ లేకపోతే మేం ముందుగా అడిగేది అదే. ఫలానా ఎంపీ భారతీయ మూలాలున్నవారు కదా అని వేరే ఊరి నుంచి రాస్తే, మీ ఎంపీకి పంపమని మర్యాదగా చెబుతాం. అలాగే "నాకు పౌరసత్వం లేదు, నా మాట వింటారా?" అని సంకోచించేవాళ్లు చాలామంది. పౌరసత్వం అక్కర్లేదు, అక్కడ నివసిస్తే చాలు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కామన్‌వెల్త్ దేశ పౌరులుగా, ఇక్కడ ఉండటానికి చెల్లుబాటయ్యే వీసా ఉన్న భారతీయులు 18 ఏళ్లు నిండితే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు కూడా. పేరు నమోదు చేసుకోవాలి, అంతే.

విధానం మీద మాత్రం రాతపూర్వక ప్రశ్న బాగా పనికొస్తుంది. శాశ్వత నివాస హక్కుకు మామూలు గడువును 5 నుంచి 10 ఏళ్లకు పెంచాలని 2025 మేలో ప్రభుత్వం శ్వేతపత్రంలో ప్రతిపాదించగానే అందరిదీ ఒకటే టెన్షన్: ఇప్పటికే వచ్చి ఉన్నవాళ్లకూ వర్తిస్తుందా? వేర్వేరు పార్టీల ఎంపీలు అదే అడిగారు. సంప్రదింపులు జరిపాక చెబుతామన్నదే జవాబు. అయినా "ఇంకా నిర్ణయించలేదు" అన్న మాట రాతలో దొరికింది. గ్రూపుల్లో తిరిగే పుకార్లకు అడ్డం పెట్టడానికి మా ఆఫీసులో అదే వాడాం.

అపోహ: మంచి ఎంపీ అయితే సొంతంగా చట్టం తెస్తారు

తేవచ్చు, అదృష్టం ఉంటే. మంత్రులు కాని సభ్యుల బిల్లులకు ఒక సెషన్‌లో మామూలుగా 13 శుక్రవారాలు కేటాయిస్తారు. లాటరీలో 20 పేర్లు తీస్తారు, మొదటి ఏడుగురికే పూర్తి చర్చకు గట్టి అవకాశం. మిగతావాళ్ల బిల్లులు శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు పేరు చదివితే, ఎవరో ఒకరు "ఆబ్జెక్ట్" అని అరిస్తే చాలు, ఆ రోజుకు ఆగిపోతాయి. మహిళల స్కర్టుల కింద నుంచి ఫొటోలు తీయడాన్ని నేరం చేసే బిల్లును 2018 జూన్‌లో క్రిస్టఫర్ చోప్ అనే ఒక్క ఎంపీ అలాగే ఆపారు. సొంత పార్టీ వాళ్లే మండిపడ్డారు. ప్రభుత్వమే దాన్ని తన బిల్లుగా తీసుకోవడంతో 2019లో చట్టమైంది.

కొన్ని బిల్లులు పేరు మాత్రమే నమోదై, పాఠం అచ్చు కూడా కాకుండా ముగిసిపోతాయి. "మా ఎంపీ 6 బిల్లులు ప్రవేశపెట్టారు" అన్న కరపత్రం చూస్తే ఇది గుర్తుంచుకోండి. అలాగని ఈ దారిని తీసిపారేయలేం. 1965లో హత్యకు ఉరిశిక్షను ఆపిన చట్టం సిడ్నీ సిల్వర్‌మన్ తెచ్చింది. 1967 అబార్షన్ చట్టం డేవిడ్ స్టీల్ తెచ్చింది, ఆయన అప్పటికి ఇంకా కుర్ర ఎంపీ.

అపోహ: ఎర్లీ డే మోషన్ మీద సంతకం పెట్టకపోతే ఆ అంశానికి వ్యతిరేకం

ఎర్లీ డే మోషన్ అంటే ఏదైనా అంశం మీద ఒక ఎంపీ పెట్టే చిన్న తీర్మానం, మద్దతిచ్చే ఎంపీలు దాని మీద సంతకం పెడతారు. వీటిలో చాలావరకు చర్చకే రావు. మంత్రులు, విప్‌లు మామూలుగా సంతకం పెట్టరు. దండగ ఖర్చని అసలు వేటిమీదా పెట్టని ఎంపీలూ ఉన్నారు. 1979లో ప్రధాని కాలహన్ ప్రభుత్వం మీద అప్పటి ప్రతిపక్ష నాయకురాలు థాచర్ పెట్టిన అవిశ్వాసం ఇలాంటి మోషన్‌గానే మొదలై, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వాన్ని దించింది నిజమే. అలాంటిది అరుదు. "ఫలానా మోషన్ మీద సంతకం పెట్టండి" అని వచ్చే రెడీమేడ్ మెయిల్‌కు మా దగ్గర కూడా రెడీమేడ్ జవాబే ఉంటుంది. దాని బదులు మీకు ఎదురైన సమస్య, అది ఏ రూల్ వల్ల వచ్చింది, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఏ సమాచారం దొరకడం లేదు అన్న మూడు ముక్కలు రాయండి. ఆ మూడోదాన్ని మేం ప్రశ్నగా మార్చగలం.