జాజ్ పాటను విప్పి చూడటం: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు మూలాపేటలో కీబోర్డ్ నేర్పిస్తుంటాను. వచ్చేవాళ్లలో సగం మంది చర్చిలో వాయించేవాళ్లు, మిగతావాళ్లు పెళ్లి ఆర్కెస్ట్రా కుర్రాళ్లు. నాలుగు కార్డులతో (కార్డ్ అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపు) ఏ పాటనైనా లాగించేస్తారు. జాజ్ పాట కార్డులు రాసిన పేపర్ ముందు పెడితే మాత్రం "ఏంది సార్, బార్‌కొక కార్డా!" అని చేతులు వెనక్కి తీసుకుంటారు. బార్ అంటే తాళంలో ఒక చుట్టు.

అపోహ: జాజ్‌కి కట్టుబాటు లేదు, ఎవరికి తోచింది వాళ్లు వాయిస్తారు.

తోచింది వాయించేది పైపైన. కింద వరస కదలదు. పాత పాటలు చాలావరకు 32 బార్లు, ఎనిమిదేసి చొప్పున నాలుగు ముక్కలు. సోలో ఎంత దూరం పోయినా ఆ 32 బార్లే తిరుగుతుంటాయి, మనకు తనియావర్తనంలో (కచేరీలో మృదంగం సోలో) తాళం తిరిగినట్టు. అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ 1930 నాటి 'ఐ గాట్ రిథమ్' పాట కార్డుల మీదే శాక్సఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ 'ఒలియో' కట్టాడు.

అపోహ: ప్రతి కార్డుకీ పేరు రాసేస్తే విశ్లేషణ అయిపోయినట్టే.

నన్నడిగితే పని అక్కడే మొదలవుతుంది. జాజ్‌లో తరచూ వాయించే 'ఆటమ్ లీవ్స్' పాట తీసుకోండి. (ఎ నుంచి జి దాకా అక్షరాలు స్వరాల పేర్లు; మేజర్, మైనర్, సెవెంత్ లాంటివి కార్డు రకాలు.) ఇ మైనర్‌లో వాయిస్తే మొదటి ఎనిమిది బార్లలో ఏడు కార్డులు: ఎ మైనర్ సెవెంత్, డి సెవెంత్, జి మేజర్ సెవెంత్, సి మేజర్ సెవెంత్, ఎఫ్ షార్ప్ హాఫ్ డిమినిష్డ్, బి సెవెంత్, ఇ మైనర్. ఏడు పేర్లు బట్టీ పడితే ఏడు కష్టాలు. నిజానికి ఉన్నవి రెండు ప్రయాణాలే, రెండు ఇళ్లకి (పాట వచ్చి కుదుటపడే కార్డులకి). మొదటి మూడు కార్డులు జి మేజర్ ఇంటికి చేరుస్తాయి, చివరి మూడు ఇ మైనర్ ఇంటికి. మధ్యలో సి మేజర్ వంతెన. మూడో ముక్కకి వచ్చేసరికి ఇదే తిరగబడుతుంది: ముందు మైనర్ ఇల్లు, తర్వాత మేజర్ ఇల్లు.

పేపర్ పక్కన పెట్టి కుడిచేత్తో రెండే రెండు కీలు నొక్కండి, ప్రతి కార్డులో దాని పేరు స్వరం నుంచి లెక్కిస్తే మూడోదీ ఏడోదీ. ఎ మైనర్‌కి సి, జి. డి సెవెంత్‌కి వెళ్లేటప్పుడు సి అలాగే ఉంటుంది, జి ఒక్కటే అర మెట్టు (పక్కనే ఉన్న కీకి) దిగి ఎఫ్ షార్ప్ అవుతుంది. జి మేజర్‌కి వెళ్తే ఈసారి ఎఫ్ షార్ప్ నిలబడి, సి దిగి బి అవుతుంది. ఒక వేలు ఆగితే ఒక వేలు దిగుతుంది. ఇది చేతికి తెలిశాక పేర్ల టెన్షన్ ఉండదు.

అపోహ: కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లకి ఇది పనికిరాదు.

ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన 'సో వాట్' చూడండి. డి షడ్జమంగా (స గా) పెట్టుకుని ఖరహరప్రియ రాగం స్వరాలు 16 బార్లు, శ్రుతి అర మెట్టు పెంచి అవే స్వరాలు 8, మళ్లీ కిందికి దిగి 8. అలాగని దాన్ని రాగం అనకండి. గమకం (స్వరాన్ని ఊపడం) లేదు, సంచారం (రాగం నడిచే తీరు) లేదు, స్వరాలు మాత్రమే కలిశాయి.

అపోహ: ఫోన్ యాప్ చూపించిన కార్డే కరెక్ట్.

ఇందులో నేనే దెబ్బతిన్నాను. కావలిలో ఒక రిసెప్షన్‌కి యాప్ చూసి ఒక పాటలో కార్డుని ఇ మైనర్ అని రాసుకుపోయాను. పియానోలో వినిపించింది ఇ, జి, బి మరి. రిహార్సల్‌లో బేస్ (కింది స్వరాలు) వాయించే అన్న ఒరిజినల్ విని, కింద సి పట్టుకున్నాడు. ఆ ఒక్క స్వరంతో అది సి మేజర్ సెవెంత్ అయిపోయింది. "నువ్వు పైన విన్నావు తమ్ముడూ, కింద వినలేదు" అన్నాడు. పేపర్లో ఆరు చోట్ల కొట్టేసి దిద్దుకున్నాను.